మేధకు ఒళ్లు కావాలా?

అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ పిల్లి కూనలతో చేసిన ఒక ప్రయోగాన్ని 1963లో ప్రచురించారు. పుట్టినప్పటి నుంచి చీకట్లో పెంచిన కూనలను జంటలుగా, రోజూ కొన్ని గంటలపాటు చారల గోడలున్న గుండ్రటి తొట్టెలో ఉంచేవారు. మధ్యలో తిరిగే అడ్డకర్ర. దాని ఒక కొసకు కట్టిన కూన తన కాళ్లతో నడుస్తుంది. రెండో కొసకు వేలాడే బుట్టలో కూర్చున్న కూన, మొదటిది ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. కళ్లకు కనిపించేది రెండింటికీ దాదాపు ఒకటే. తర్వాత పరీక్షిస్తే నడిచిన కూన లోతును గుర్తించి తప్పుకుంది. బుట్టలో కూనకు లోతు, గట్టు తేడా తెలియలేదు. వస్తువు ముఖం మీదికి దూసుకొచ్చినా అది రెప్ప వాల్చలేదు. కళ్లలో లోపమేమీ లేదు. తన అడుగుకూ, తనకు కనిపించే మార్పుకూ ఉన్న లంకె మాత్రం దానికి పట్టుబడలేదు.

ఏజీఐ, అంటే మనిషిలా ఏ పనినైనా నేర్చుకోగల కృత్రిమ మేధ, గురించి చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ బుట్టలో కూన గుర్తొస్తుంది. నేటి భాషా నమూనాల చదువులో సింహభాగం మనుషులు తిరిగి, తాకి, చేతులు కాల్చుకుని రాసిపెట్టిన మాటలే; బుట్టలో కూనలా, ఇతరుల అడుగుల ఫలితమే వాటికి చేరుతోంది.

అలాగని ఒళ్లు లేనిదే తెలివి లేదనడమూ తొందరపాటే. 2016లో సియోల్‌లో మేటి ఆటగాడు లీ సెడోల్‌ను గో అనే పలక ఆటలో 4-1తో ఓడించిన ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రాంకు చేతులు లేవు. దాని తరఫున పలక మీద రాళ్లు పెట్టింది అజా హువాంగ్ అనే ఇంజనీరు. కానీ అది తనతో తానే లెక్కలేనన్ని ఆటలు ఆడుకుంది. వేసిన ఎత్తుల ఫలితం గెలుపుగానో ఓటమిగానో దానికి తిరిగి చేరింది. కావలసింది రక్తమాంసాలు కావు, చేసిన పని ఫలితం చేసినదానికే తగలడం. గో పలక మీద రాయి పెట్టగల చోట్లు 361 మాత్రమే. మన వంటగదికి అలాంటి హద్దుల్లేవు కాబట్టే అక్కడ రోబోలు ఇంకా తడబడుతున్నాయి.

మరి 'నేను' అనే భావన మేధకు కావాలా? 2006లో జోష్ బొంగార్డ్, విక్టర్ జైకోవ్, హాడ్ లిప్సన్ అనే పరిశోధకులు ఒక నాలుగు కాళ్ల రోబోను చూపించారు. తన ఆకారం ఎలాంటిదో దానికి ముందుగా చెప్పలేదు. అటూ ఇటూ కదిలి, ఎంత ఒరిగిందో కొలుచుకుని, తన ఒంటి నమూనాను అదే ఊహించుకుంది. కాలిలో ఒక భాగం తీసేస్తే ఆ నమూనాను సవరించుకుని కుంటుతూ ముందుకెళ్లింది. ఈపాటి స్వీయజ్ఞానం మాత్రం ఏజీఐకి తప్పనిసరి అని నా అభిప్రాయం. తన హద్దులేమిటో తెలియనిది కొత్తచోట నిలదొక్కుకోలేదు.

నొప్పి, భయం, బతకాలన్న తపన వేరే సంగతి. మన 'నేను'కు మూలం దేహాన్ని నిలబెట్టుకునే ఆ అనుభూతులేనని నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో వాదిస్తారు. మనుషుల విషయంలో అది నాకు సబబుగానే తోస్తుంది. అయినా మేధ కోసమని యంత్రానికి బాధను అంటగట్టాల్సిన అవసరం నాకు కనిపించదు. అది సాధ్యమైననాడు ఆ బాధకు బాధ్యులం మనమే అవుతాం.

ఏజీఐ వచ్చేసిందని ఎవరైనా ప్రకటిస్తే, అది ఎన్ని పరీక్షలు నెగ్గిందన్న లెక్కతో సరిపెట్టుకోకండి. తన తప్పు ఫలితం దానికి తెలుస్తోందా, తెలిశాక మారుతోందా అని అడగండి.