కళ్ళు పచ్చబడితే షుగరు గోలీలు మానాలా?

నారాయణఖేడ్ చుట్టుపక్కల గ్రామాలలో గృహదర్శనాలకు వెళ్ళినప్పుడు మేము తరచుగా వినే మాట ఇది: "అయ్యగారూ, రక్తపరీక్షల బిలిరుబిన్ ఎక్కువొచ్చింది, కామెర్లన్నరు. షుగర్ గోలీలు బంద్ జేసి పసరు తాగుతున్న." అందుకే ఈ సంగతి వివరముగా వ్రాయ తలచాము.

శరీరానికి ప్రాణాధారం రక్తమేనని లేవీయకాండము 17వ అధ్యాయంలో చదువుతాము. ఆ రక్తంలోని ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 దినాలు. అది చితికినప్పుడు దానిలోని ఎరుపు పదార్థం మొదట ఆకుపచ్చగానూ, తరువాత పసుపుగానూ మారుతుంది. దెబ్బ తగిలి కమిలిన చోట చర్మం రంగులు మారడం చూశారు కదా, అదే ఇది. ఆ పసుపు పదార్థమే బిలిరుబిన్. కాలేయం దానిని పైత్యరసంతో కలిపి బయటకు పంపుతుంది.

చాలాకాలం దీనిని వట్టి చెత్తగానే ఎంచారు. 1987లో అమెరికాలోని బర్క్‌లీలో రోలండ్ స్టాకర్, బ్రూస్ ఏమ్స్ మొదలైనవారు ఇది కణాలను కాపాడుతుందని చూపారు. షుగరు వ్యాధిలో ఎక్కువైన చక్కెర కణాలలో మండి, ఫ్రీ రాడికల్స్ అనే చురుకు అణువులను పుట్టిస్తుంది. ఇనుముకు తుప్పు పట్టినట్టు అవి రక్తనాళాలను, కంటిపొరను, మూత్రపిండాలను పాడుచేస్తాయి. బిలిరుబిన్ వాటిని అణచగలదు.

కొందరికి పుట్టుకతోనే బిలిరుబిన్ కాస్త ఎక్కువ. దీనిని గిల్బర్ట్ లక్షణం అంటారు. ఇది రోగం కాదు, మందు అక్కరలేదు. 2007లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయ వైద్యులు, ఈ లక్షణమున్న షుగరు రోగులలో కంటి, గుండె, మూత్రపిండాల చిక్కులు తక్కువగా ఉన్నట్టు ప్రకటించారు. అయితే బిలిరుబిన్‌ను మందుగా ఎవరూ ఇవ్వడం లేదు. పెంచుకోవాలని ప్రయత్నించడం అవివేకం.

ఉపవాస ప్రార్థనలు చేసేవారు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. గిల్బర్ట్ ఉన్నవారికి ఆహారం మానితే కళ్ళు పచ్చబడతాయి. శ్రమల దినాలలో ఇలా కనబడి ఇంటిల్లిపాదీ భయపడతారు. తిండి తిరిగి మొదలుపెడితే తగ్గుతుంది. కానీ షుగరు గోలీలు వేసుకుంటూ ఉపవాసముండడం వేరు సంగతి. గ్లిమెపిరైడ్ వంటివి వేసుకునేవారికి చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. డాక్టరును అడగకుండా ఉపవాసం వద్దని మేము మా సంఘస్థులకు గట్టిగానే చెబుతాము. దేవుడు కోరేది విరిగిన హృదయాన్ని గాని, పడిపోయిన శరీరాన్ని కాదు కదా!

మరి పసరు సంగతి? గిల్బర్ట్ అయితే రెండు వారాలలో దానంతటదే తగ్గి, పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. నిజమైన కాలేయ జబ్బయితే విలువైన రోజులు పోతాయి. ఈలోగా గోలీలు మానినందువలన చక్కెర పెరుగుతుంది.

పరీక్ష కాగితం చేతికొచ్చినప్పుడు మొత్తం బిలిరుబిన్ అంకె ఒక్కటే చూడవద్దు. సాధారణంగా 1.2 మిల్లీగ్రాముల వరకు మామూలే. అంతకు కొద్దిగా మించినా, డైరెక్ట్ బిలిరుబిన్, కాలేయపు ఎంజైములు సరిగా ఉంటే గిల్బర్ట్ కావచ్చునేమో అని డాక్టరును అడగండి. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, మలం తెల్లబడినా, దురద, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా, వృద్ధులలో నొప్పి లేకుండా కామెర్లు కనబడి షుగరు అకస్మాత్తుగా పెరిగినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. వేసుకుంటున్న గోలీల చీటీ కూడా వెంట తీసుకువెళ్ళండి.