గుండె బలహీనపడిన రోగికి గృహోపచారము

ఆసుపత్రిలో వారము పది దినములుండి, కాళ్లవాపు తీసి, ఆయాసము శమించి యింటికి వచ్చిన హృద్రోగిని చూచి బంధువులు వ్యాధి కుదిరినదని సంతోషింతురు. ఆ సంతోషము సహజమే. కాని గుండె బలహీనపడిన రోగి విషయములో ఇల్లు చేరుటతో చికిత్స ముగియదు. చికిత్సలో దీర్ఘకాలము సాగు భాగము అప్పుడే ప్రారంభమగును. ఆసుపత్రిలో నర్సు చేయుచుండిన పనులను ఇకమీదట భార్యయో, కోడలో, కుమారుడో చేయవలసియుండును. ఆ పనులలో మిక్కిలి ముఖ్యమైనది చూపునకు మిక్కిలి అల్పముగా తోచును: ప్రతిదినము ఉదయము రోగి బరువును తూచి వ్రాసిపెట్టుట.

ఈ వ్యాధి ఎంత తీవ్రమైనదో మన దేశపు లెక్కలే తెలుపుచున్నవి. 2013వ సంవత్సరములో తిరువనంతపురము జిల్లాలోని 18 ఆసుపత్రులలో ఈ వ్యాధితో చేరిన 1205 మంది వివరములను వైద్యులు సేకరించిరి. వారి సగటు వయస్సు సుమారు 61 ఏండ్లు. మూడేండ్లు గడచునప్పటికి వారిలో నూటికి సుమారు 45 మంది మరణించిరి. విధాయకమైన మందులన్నియు సక్రమముగా పొందినవారిలో మరణములు తక్కువగా నుండెను. మందు వ్రాయుట వైద్యుని పని. అది వేళకు కడుపులో పడునట్లు చూచుట, దాని ఫలితమును కనిపెట్టుట ఇంటివారి పని.

‘హార్ట్ ఫెయిల్యూర్’ అను మాట విని గుండె ఆగిపోయినదని భయపడువారు పెక్కురు. గుండె ఆగలేదు, శరీరమునకు కావలసినంత రక్తమును పంపు శక్తి దానికి తగ్గినది, లేదా మిక్కిలి శ్రమపడి పంపుచున్నది. గుండెకు రక్తము నందించు నాళములు పూడుట, చిరకాలము అదుపు తప్పిన రక్తపుపోటు, మధుమేహము, చిన్నతనములో కీళ్లజ్వరము వచ్చి కవాటములు చెడుట మన దేశములో దీనికి ముఖ్యకారణములు. రక్తప్రసారము తగ్గగానే మూత్రపిండములు ఒరవడి తప్పును. శరీరములో నీరు చాలకున్నదని అవి భ్రమించి, విసర్జింపవలసిన ఉప్పును నీటిని పట్టి నిలుపును. కరవు రానున్నదని బెదరి, గాదెలు నిండియున్నను గింజలు దాచుకొను గృహస్థుని వంటిదీ ప్రవర్తన. అట్లు నిలిచిన నీరు పాదములలో, కడుపులో, తుదకు ఊపిరితిత్తులలో చేరును.

ఉప్పునకు నీటికి గల సంబంధమును గ్రహింపనిదే ఈ ఉపచారము బోధపడదు. ఆసుపత్రులలో ఎక్కించు సాధారణ సెలైను ఒక లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉండును. శరీరములోని ద్రవమునందలి ఉప్పు కూడ ఇంచుమించుగా ఆ పాళ్లలోనే యుండుటచే దానిని అట్లు తయారు చేయుదురు. దీనిని తిరుగవేసి చూచినచో, విసర్జింపబడక నిలిచిపోయిన ప్రతి 9 గ్రాముల ఉప్పును తనతో సుమారు ఒక లీటరు నీటిని నిలుపుకొనును. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. కావున దేహములో చేరు నీటిని కొలుచుటకు తూనిక యంత్రమును మించిన సులభసాధనము ఇంటిలో లేదు.

కాళ్లవాపును చూచి తెలిసికొనరాదా యని కొందరడుగుదురు. తెలిసికొనవచ్చును, కాని ఆలస్యముగా. వ్రేలితో నొక్కిన గుంట పడునంత వాపు వచ్చునప్పటికి దేహములో రెండు మూడు లీటర్ల నీరు అదనముగా చేరియుండును. కంటికి కనబడుటకు ముందే తూనిక దానిని పట్టి చూపును. మంచమునకు అంటిపెట్టుకొనియున్న రోగికి పాదములు వాయకపోవచ్చును. నీరు నడుము క్రిందిభాగమున చేరును, అక్కడ నొక్కి చూడవలెను. స్త్రీలకు మెట్టెలు, పట్టీలు బిగియుట, ఎవరికైనను పంచె ముడి లేక లంగా నాడా కట్టు చోట లోతైన గీత పడుట కూడ లెక్కింపదగిన గుర్తులే.

తూచు విధానమునకు కొంత క్రమము కావలెను. రోగి నిద్రలేచి, మూత్రవిసర్జన చేసి, కాఫీ యైనను త్రాగకముందు, ఇంచుమించు అవే బట్టలతో, చెప్పులు లేకుండ తూగవలెను. యంత్రమును చాపపైనను తివాసీపైనను ఉంచక గట్టినేలపై నుంచవలెను. ప్రతిదినము అదే యంత్రము, అదే స్థలము. అంకెను వెంటనే ఒక పుస్తకములో తేదీతో వ్రాయవలెను. జ్ఞాపకముంచుకొందమనుకొన్న అంకె మూడవనాటికి మాసిపోవును. ఆసుపత్రినుండి వాపు తీసి పంపిననాటి బరువును మొదటి పుటలో పెద్ద అక్షరములతో వ్రాసిన మేలు. తక్కిన అంకెలన్నియు దానితో పోల్చి చూడవలసినవే.

ఒక ఉదాహరణము. ఇంటికి వచ్చిననాడు రోగి బరువు 58 కిలోలు. సోమవారము 58.2, మంగళవారము 58.1. బుధవారము ఇంట శుభకార్యము; గురువారము ఉదయము 59.0, శుక్రవారము 60.3. రోగి హాయిగా నవ్వుచు మాటలాడుచున్నాడు, కాళ్లు వాయలేదు, ‘కాస్త కండ పట్టినాడు’ అని చుట్టములు మెచ్చుకొనుచున్నారు. మూడు దినములలో ఎవరికిని రెండు కిలోల కండ పట్టదు. అది నీరు. ఒక్క దినములో ఒక కిలోకు మించి, లేక మూడు దినములలో రెండు కిలోలకు మించి బరువు పెరిగినచో ఆనాడే వైద్యునికి తెలుపవలెను. అట్టి సమయమున నీరు వెడలించు మాత్రను ఎంత హెచ్చింపవలెనో కొందరు వైద్యులు ముందే వ్రాసియిత్తురు. అట్లు వ్రాసియియ్యనిచో తమంతట తాము హెచ్చింపరాదు.

తూనిక యంత్రము కొనలేనివారు దగ్గరలోని ఆరోగ్య కేంద్రములోనో, ధాన్యపు కొట్టులోని కాటాపైననో వారమునకు రెండుమూడు పర్యాయములు తూచుకొన్నను లేనిదానికంటె మేలు. తూనికను మాత్రమే నమ్మి కన్ను మూసికొనుటయు తగదు. ఆకలి చచ్చి దేహము కృశించుచున్న రోగికి కండ తరుగుచు నీరు పెరుగుచుండుటచే బరువు కదలక నిలిచియుండవచ్చును. అప్పుడు ఆయాసమే సాక్షి.

ఆయాసమును కొలుచుటకు తలగడలే కొలమానము. నిన్న ఒక తలగడపై నిద్రించిన రోగి నేడు మూడు కావలెననుచున్నాడన్నచో, పరుండినపుడు ఊపిరితిత్తులలో నీరు నిండుచున్నదని అర్థము. నిద్రపోయిన ఒకటి రెండు గంటలకు ఉలికిపడి లేచి, కిటికీ వద్దకు పోయి గాలికై తపించుట మరింత స్పష్టమైన గుర్తు. ఉబ్బసమని పొరబడి, ఇంటిలోనున్న ఆవిరిమందుతో తెల్లవార్లు గడుపువారు కలరు. ఉబ్బసము లేని వృద్ధునికి రాత్రివేళ క్రొత్తగా పిల్లికూతలు పుట్టినచో మొదట అనుమానింపవలసినది గుండెనే.

ఇక వంటయిల్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులకే దినమునకు 5 గ్రాములకు లోపు ఉప్పు చాలునన్నది. అది చిన్న చెంచాకు కొంచెము తక్కువ. తెలుగు వంటలో కూరలోని ఉప్పుకంటె విస్తరి ప్రక్కన చేరు ఉప్పే ఎక్కువ భయంకరము. ఆవకాయ, మాగాయ, అప్పడము, వడియము, చల్లమిరపకాయ, తీరప్రాంతములలో ఎండుచేప: ఇవన్నియు ఉప్పుచేతనే నిలువయుండు పదార్థములు. వీటిని రోగి విస్తరినుండి తొలగించుటయే మొదటి పని. అతనికి ఊరగాయ నిషేధించి తక్కినవారు అతని యెదుట జాడీ తెరచుట క్రూరము. సాధ్యమైనంతవరకు ఇల్లంతయు ఉప్పు తగ్గించుటయే సులభమైన మార్గము. ఒక దినమునకు రోగికి చెల్లు ఉప్పును ఉదయమే చిన్న గిన్నెలో విడిగా తీసియుంచి, అతని భాగపు కూరలోను చారులోను దానిని మాత్రమే వాడుట మంచి యుపాయము. నిమ్మరసము, అల్లము, కొత్తిమీర, వేయించిన జీలకర్ర చప్పిదనమును చాలవరకు కప్పిపుచ్చును. సైంధవ లవణము హాని చేయదను నమ్మకము నిరాధారము, అదియు ఉప్పే. అంగడిలో ‘తక్కువ సోడియము’ అని అమ్ము ఉప్పులో పొటాషియము కలిసియుండును. మూత్రపిండములు బలహీనముగా నున్నవారికిని, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడువారికిని అది అపాయకరము. అదే కారణముచే కొబ్బరినీటిని కూడ వైద్యుని అడిగియే ఈయవలెను. రోగిని చూడవచ్చు ప్రతివారును నాలుగు బొండములు తెచ్చు దేశములో ఈ మాట ప్రత్యేకముగా చెప్పక తప్పదు.

అట్లని ఉప్పును పూర్తిగా మానిపించి రోగిని అన్నద్వేషిని చేయుటయు సరికాదు. ఆరు దేశములలో 800 మందికి పైగా రోగులపై జరిగి 2022లో ప్రచురింపబడిన పరిశోధనలో, ఉప్పును మిక్కిలి కఠినముగా తగ్గించుటవలన మరణములు గాని ఆసుపత్రిలో చేరుటలు గాని తగ్గలేదు. నీటి విషయమును అట్టిదే. స్థిమితముగా నున్న రోగులకు దినమునకు లీటరున్నర హద్దు విధించుటవలన విశేష లాభము లేదనియు, దాహబాధ మాత్రము హెచ్చినదనియు 2025లో ప్రకటితమైన నెదర్లాండ్సు పరిశోధన తెలిపినది. కావున ప్రతి రోగికిని నీరు కట్టివేయరాదు. వాపు ఎక్కువగా నున్నపుడు గాని, రక్తములో సోడియము పడిపోయినపుడు గాని వైద్యుడు హద్దు చెప్పినచో దానిని పాటింపవలెను. ఈ రెండవ స్థితిలో ‘సోడియము తగ్గినదట’ అని విని ఇంటివారు ఉప్పు పెంచుదురు. ఈ రోగులలో అది తరచుగా నీరు ఎక్కువై పలుచబడిన రక్తమే గాని ఉప్పు చాలని రక్తము కాదు. హద్దు పాటించునపుడు ఇంటి చెంబు, గ్లాసు ఎంత పట్టునో ఒకసారి కొలిచి యుంచుకొనవలెను. కాఫీ, మజ్జిగ, చారు, గంజి, రాగిజావ అన్నియు నీటి లెక్కలోనివే. నోరెండినపుడు పుక్కిలించి ఉమియుట, చిన్న నిమ్మబద్ద చప్పరించుట హాయి నిచ్చును.

మందులలో ఇంటివారికి ఎక్కువ చిక్కు కలిగించునవి నీరు వెడలించు మాత్రలు: ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ మొదలైనవి. ఉదయము వేసినచో పగలే మూత్రము వెడలి రాత్రి నిద్ర చెడదు. పెండ్లికో పుణ్యక్షేత్రమునకో బస్సులో బయలుదేరునాడు ‘దారిలో ఇబ్బంది’ యని ఈ మాత్ర మానుట సర్వసాధారణము; ఆ యాత్ర ముగియకముందే ఆసుపత్రి చేరినవారు కలరు. వైద్యుని అడిగి వేళ మార్చుకొనవచ్చును, మానరాదు. మధుమేహము లేనివారికి ‘షుగరు మాత్ర’ వ్రాసినారని కొందరు పారవేయుచున్నారు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొన్ని మందులు మొదట మధుమేహమునకై వచ్చినను, గుండె బలహీనతలో మేలు చేయునని నేడు రుజువైనది. కీళ్లనొప్పికి అంగడిలో కొను డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఉప్పును నీటిని నిలిపి వారముల శ్రమను వమ్ము చేయును.

డిగాక్సిన్ అను పాతమందు చరిత్ర విచిత్రమైనది. ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతమున ఒక ముదుసలి రహస్యముగా కాపాడుకొనుచుండిన, ఇరువదికి పైగా మూలికలు గల ఉబ్బువ్యాధి మందును గూర్చి 1775లో విలియం విదరింగ్ అను వైద్యుని అభిప్రాయమడిగిరి. వాటిలో పనిచేయునది ఫాక్స్‌గ్లవ్ మొక్కయే యని ఆయన గ్రహించి, పదేండ్లు పరీక్షించి 1785లో గ్రంథము ప్రకటించెను. మోతాదు మించిన అది విషమని చెప్పినవాడును ఆయనయే. ఈ మందు వాడు రోగికి వికారము, అన్నహితవు లేమి, చూపు పచ్చబారుట కలిగినచో వెంటనే తెలియజేయవలెను.

మన గ్రామములలో మరియొక ఆచారము ప్రాణాంతకము. రోగి నీరసముగా నున్నాడనగానే ఒక సీసా సెలైను ఎక్కించుట! బలహీనమైన గుండెకు అరగంటలో అర లీటరు నీటిని, నాలుగున్నర గ్రాముల ఉప్పును అందించినట్లగును. ఆ రాత్రియే ఊపిరితిత్తులు నిండవచ్చును. సీసా తగిలించబోవు వారెవరైనను, ‘ఇతనికి గుండె బలహీనత గలదు’ అని ముందుగా చెప్పి ఆపుట ఇంటివారి విధి.

దీనికి వ్యతిరేకమైన అపాయమును గలదు. విరేచనములు, వాంతులు, వడగాలుల దినములు వచ్చినపుడు నీరు వెడలించు మాత్ర అదే మోతాదులో సాగినచో దేహము ఎండిపోవును. బరువు రెండు కిలోలు పడిపోవుట, లేచి నిలువగానే కండ్లు తిరుగుట, నాలుక ఎండుట, మూత్రము తగ్గుట దీని గుర్తులు. అప్పుడు మాత్రలు తగ్గింపవలెనా, నీరు పెంపవలెనా యని ఆ పూటయే అడుగవలెను. పెరుగుటను మాత్రమే గాక తరుగుటను కూడ తూనిక చూపుననుట కిదియే కారణము.

దేహసంరక్షణ విషయములో: వాచిన చర్మము పలుచనై సులభముగా చిట్లును, గోరువెచ్చని నీటితో తుడిచి, కొబ్బరినూనె రాచి, మడమలు మంచమునకు ఒరయకుండ చూడవలెను. కదలలేని రోగిని రెండు గంటల కొకసారి ఒత్తిగిలింపవలెను. కదలగలిగినవారిని మంచమునకు కట్టిపడవేయరాదు. వైద్యుడు ఒప్పిన మేరకు వీధిగుమ్మము వరకైనను నడిపింపవలెను. భోజనము కొంచెము కొంచెముగా పలుమారు పెట్టుట మంచిది.

కూర్చుండియున్నను ఆగని ఆయాసము, నురుగుతో కూడిన గులాబిరంగు కఫము, ఛాతీనొప్పి, స్పృహ తప్పుట, పెదవులు నీలమగుట కనబడినచో తూనికలతో కాలయాపన చేయరాదు. స్పృహలో నున్న రోగిని కాళ్లు క్రిందికి వ్రేలాడునట్లు మంచముపై నిటారుగా కూర్చుండబెట్టి, వెనుకనుండి తలగడలతో ఆనించి, 108కి ఫోను చేయవలెను. వెల్లకిల పరుండబెట్టరాదు, నీళ్లు త్రాగింపరాదు. మందుల చీటీలను, బరువు వ్రాసిన పుస్తకమును వాహనములోనే వెంట పంపవలెను. ఆ పుస్తకములోని కడపటి వారము అంకెలే అక్కడి వైద్యుడు మొదట చూడగోరునవి.