ఫిస్టులా మూసేసినా ఆ చేతిని మర్చిపోవద్దు: డయాలసిస్ ఆపిన ఏళ్ల తర్వాత ధమని ఎందుకు ఉబ్బుతుంది?

కిడ్నీ మార్పిడి జరిగాక డయాలసిస్ అవసరం ఉండదు. కొందరికి చేతిలోని ఫిస్టులాను కూడా మూసేస్తారు. ఆ తర్వాత అందరి దృష్టీ కొత్త కిడ్నీ మీదే ఉంటుంది, చేతిని ఎవరూ పట్టించుకోరు. కానీ అరుదుగా కొందరిలో, ఏళ్లు గడిచాక, మోచేతికి పైన ఉండే ప్రధాన ధమని బుడగలా ఉబ్బుతుంది. దీన్నే అన్యూరిజమ్ అంటారు.

ఫిస్టులాతో వచ్చే మార్పు

డయాలసిస్ యంత్రానికి రక్తం వేగంగా అందాలి. మామూలు సిర అంత రక్తం ఇవ్వలేదు. అందుకే చేతిలోని ధమనిని సిరతో కలిపి కుడతారు. అమెరికాకు చెందిన బ్రెషియా, సిమినో బృందం 1966లో ఈ పద్ధతిని ప్రచురించింది. నేటికీ హీమోడయాలసిస్‌కు వైద్యులు ఎక్కువగా మొగ్గుచూపేది దీనికే.

ఫిస్టులా పెట్టాక ఆ ధమనిలో రక్తప్రవాహం చాలా రెట్లు పెరుగుతుంది. నిమిషానికి 600 మిల్లీలీటర్లు, కొందరిలో లీటరుకు పైగా ఉంటుంది. ఆ ఉధృతికి ధమని వెడల్పవుతుంది, గోడలోని సాగే గుణం తగ్గుతుంది. ఫిస్టులా మూసేశాక ప్రవాహం తగ్గినా, సాగిపోయిన గోడ అందరిలోనూ పూర్వస్థితికి రాదు. మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్ల వంటి మందులు కూడా దాన్ని బలహీనపరుస్తాయని వైద్యులు అనుమానిస్తున్నారు.

ఏ లక్షణాలు గమనించాలి?

చేతిలో నాడిలా కొట్టుకునే గడ్డ, నొప్పి, వేళ్ల తిమ్మిరి ముఖ్యమైనవి. ఉబ్బిన చోట రక్తం గడ్డకట్టి, ఆ ముక్కలు కిందికి జారితే వేళ్లు చల్లబడి రంగు మారతాయి. అప్పుడు ఆలస్యం చేస్తే వేళ్లకే ముప్పు.

దీన్ని కొవ్వుగడ్డగానో చీముగడ్డగానో పొరబడి కోస్తే తీవ్ర రక్తస్రావమవుతుంది. ముందుగా డాప్లర్ స్కాన్ చేస్తే అసలు విషయం తెలుస్తుంది. సాధారణంగా ఉబ్బిన భాగాన్ని తొలగించి, కాలి నుంచి తీసిన సిరను అక్కడ అతుకుతారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాల్లో డయాలసిస్ మీద ఆధారపడినవారు ఎందరో. 2016లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమంతో జిల్లా ఆసుపత్రుల్లోనూ పేదలకు ఈ సేవ ఉచితంగా అందుతోంది. డయాలసిస్ మీద ఎక్కువ కాలం బతికి, మార్పిడి దాకా చేరేవారికి ఈ హెచ్చరిక అవసరం. ఫిస్టులా మూసి ఎన్నేళ్లయినా, చెకప్‌కు వెళ్లినప్పుడు ఆ చేతిని కూడా చూడమని డాక్టరును అడగాలి. గడ్డ కనిపిస్తే వాస్కులర్ సర్జన్‌ను కలవాలి.