నిలువయుండని మందు

ఫ్లోరిన్-18 చేర్చిన గ్లూకోజు వంటి మందును నరములోని కెక్కించినచో, చక్కెరను మిక్కుటముగ గ్రహించు పెక్కు క్యాన్సరు గడ్డలు పెట్ యంత్రచిత్రమున బయల్పడును. 1976లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో చేసిన యీ మందును విమానమున ఫిలడెల్ఫియాకు గొనిపోయి మొదటిసారి మనుష్యుల కిచ్చిరి.

అంత తొందర యేల? ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషములకు సగము క్షయించును. అయిదున్నర గంటలకు మిగులునది యెనిమిదవ పాలే. ధాన్యమువలె దీనిని గాదెలో దాచ వీలులేదు. సైక్లోట్రాను యంత్రమున ఫ్లోరినును పుట్టించుట, మందుగ కూర్చుట, శుద్ధిచేయుట, రోగికి చేర్చుట సర్వమును కొలది గంటలలో ముగియవలెను.

మన దేశమున వైద్యమునకై మొదటి సైక్లోట్రానును 2002లో ముంబయిలో నెలకొల్పిరి. క్రొత్త మందులను కల్పించుట శాస్త్రజ్ఞుల పని. వానిని రోగికి దాపున నుంచుట ప్రభుత్వముల ధర్మము. దూరమున నున్న రోగిని వెదకికొని యీ మందు రాజాలదు. రోగియే దానికడకు పోవలెను. పేదవానికి ఆ ప్రయాణమే మొదటి భారము.