తారుమారైన అంకెలు

పిల్లలూ! కంప్యూటరు పని చేస్తూ మధ్య మధ్య మనతో కబుర్లు చెబుతూ ఉంటుంది, గమనించారా? పది బొమ్మలను ఒక చోటి నుంచి మరొక చోటికి పంపామనుకోండి. "10 ఫైళ్ళలో 3 పూర్తి అయినాయి" అని తెర మీద రాస్తుంది. ఈ మాటలు కంప్యూటరు తనంత తాను ఆలోచించి అన్నవి కావు. ఎవరో ఒక మనిషి ముందుగా రాసిపెట్టినవి. అటువంటి వాక్యాలను తెలుగు చేయబోయి, ముప్ఫయి అయిదేళ్ళు పాఠాలు చెప్పిన నేను ఎలా బోల్తా పడ్డానో చెబుతాను, వినండి.

మాది చోడవరం. మొన్న మొన్నటి దాకా విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. మా వైపు బెల్లానికి పేరు. బెల్లం ఉన్న చోట అరిసెలు ఉంటాయి గదా! మిఠాయి కొట్టువాడు తన పాకం కిటుకు ఎవరికీ చెప్పడు. మీ అమ్మమ్మ మాత్రం అడిగినవారికల్లా చెబుతుంది. ఎవరైనా నేర్చుకోవచ్చు, నాలుగు నువ్వులు కలిపి ఇంకా బాగా చేయవచ్చు. కంప్యూటరు ప్రోగ్రాములలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. అమ్మమ్మ పద్ధతిలో అందరికీ తెరిచి ఉంచిన వాటిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అంటారు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్నూ' అనే పేరుతో ఈ ప్రయత్నం ప్రారంభించాడు. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 'లినక్స్'ను తయారుచేసి లోకానికి ఇచ్చాడు. మన తెలుగువారిలో 'స్వేచ్ఛ' అనే సంస్థవారూ, ఇంకా ఎందరో ఇటువంటి ప్రోగ్రాములను తెలుగులోకి తెచ్చారు.

ఉద్యోగం నుంచి విరమించాక నాకూ ఆ పని మీద బుద్ధి పుట్టింది. పని చూడటానికి తేలికే. ఇంగ్లీషు వాక్యం ఒకటి ఉంటుంది, దాని కింద తెలుగు వాక్యం రాయాలి. అంకె రావలసిన చోట శాతం గుర్తూ, దాని పక్కన 'డి' అనే ఇంగ్లీషు అక్షరమూ ఉంటాయి. అది అంకె కూర్చునే పీట అనుకోండి. పని జరిగేటప్పుడు కంప్యూటరు ఆ పీట మీద అంకెను కూర్చోబెడుతుంది.

ఇంగ్లీషులో "మూడు" ముందు వస్తుంది, "పదింటిలో" అన్నది తరువాత వస్తుంది. తెలుగులో "పదింటిలో మూడు" అంటాము. కనుక నేను చక్కని తెలుగులో ఇన్ని ఫైళ్ళలో ఇన్ని పూర్తి అయినాయి అని రాసి, రెండు పీటలూ వేశాను. అయిదు చిన్న ఫైళ్ళతో పరీక్ష కూడా చేశాను. అవి క్షణంలో అయిపోయినాయి. చివరకు తెర మీద "5 ఫైళ్ళలో 5 పూర్తి అయినాయి" అని కనబడింది. సంతోషించి పంపించివేశాను.

కొన్ని నెలలు గడిచాయి. మా వీధిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకనాటి సాయంత్రం ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. బడిలో సైన్సు ప్రదర్శనకు పది బొమ్మలు పెన్‌డ్రైవులో తీసుకుపోయిందట. తీరా చూస్తే మూడే ఉన్నాయట. ప్రదర్శన కాస్తా అయిపోయింది.

"మధ్యలో ఊడబీకావా?" అన్నాను.

"లేదండీ మాస్టారూ! 10 పూర్తి అయినాయని అదే చెప్పిందండీ" అన్నది.

మళ్ళీ చేసి చూపించమన్నాను. తెర మీద ఏమున్నదో తెలుసా? "3 ఫైళ్ళలో 10 పూర్తి అయినాయి!" మూడింటిలో పది ఎలా పూర్తవుతాయి? ఆ వాక్యం రాసినది నేనే. ఎవరి తప్పో ఆ పిల్లకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను.

తప్పు ఎక్కడున్నది? ఒక కుర్రవాడి చేతికి రెండు క్యారియర్లు ఇచ్చి, "మొదటిది అన్నకు, రెండోది తమ్ముడికి" అని పంపారనుకోండి. వాడికి మనుషులు తెలియదు. ముందు నిలుచున్నవాడికి మొదటిది, వెనక ఉన్నవాడికి రెండోది ఇస్తాడు. తమ్ముడు ముందుకు వచ్చి నిలుచుంటే అన్న అన్నం తమ్ముడికి పోతుంది. కంప్యూటరూ అంతే. మొదటి అంకె 3, రెండో అంకె 10. తెలుగులో పీటలు తారుమారైనాయని దానికి తెలియదు.

"3 పూర్తి అయినాయి, 10 ఫైళ్ళలో" అని రాసేస్తే గొడవ వదిలిపోయేదే. కాని తెలుగువాడు అలా మాట్లాడడు. యంత్రం కోసం భాషను వంకర చేయడానికి నా మనసు ఒప్పలేదు. పోనీ ప్రోగ్రాములోనే అంకెల వరస మార్చమందామా? అప్పుడు ఇంగ్లీషు చెడుతుంది.

అనువాదానికి వాడే 'గెట్‌టెక్స్ట్' అనే సాధనం తాలూకు పుస్తకం తీసి కూర్చున్నాను. ఉపాయం అందులోనే ఉన్నది. క్యారియరు మీద పేరు రాసినట్టు, పీట మీద సంఖ్య రాయవచ్చు! శాతం గుర్తు తరువాత ఒక అంకె, డాలరు గుర్తు, ఆ పైన 'డి'. ముందు పీట మీద 2 వేశాను. రెండో పీటను అలాగే వదిలేశాను. తప్పులు పట్టే ప్రోగ్రాము వెంటనే అభ్యంతరం చెప్పింది. వేస్తే అన్ని పీటలకూ సంఖ్యలు వేయాలి, లేకపోతే దేనికీ వేయరాదు. రెండో దానికి 1 వేశాను. ఒప్పుకున్నది.

ఈసారి పది పెద్ద ఫైళ్ళతో, ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పరీక్షించాను. "10 ఫైళ్ళలో 1... 10 ఫైళ్ళలో 2..." అని ఆమె పైకి చదువుతూ వచ్చింది. అటువంటి వాక్యాలు ఇంకా నాలుగు ఉంటే అవీ దిద్ది, తప్పు నాదేనని రాసి పంపాను. ఆ దిద్దుబాటును స్వీకరించారు.

మీరూ ఒక ఆట ఆడి చూడండి. "... మామిడి పళ్ళలో ... తిన్నాను" అని కాగితం మీద రాయండి. స్నేహితుణ్ణి వాక్యం చూడకుండా, తిన్నవెన్నో ముందు, మొత్తం ఎన్నో తరువాత చెప్పమనండి. చెప్పిన వరసలోనే ఖాళీలు నింపండి. మొదట 5, 5 చెప్పమనండి. తరువాత 2, 6 చెప్పమనండి. మొదటిసారి తప్పు ఎందుకు బయటపడలేదో మీకే తెలుస్తుంది.