సైరన్ మోగినా పాఠం ఆగలేదు

2022 ఏప్రిల్‌లో ఒంగోలులో మా వదిన ఇంట్లో నాలుగు రోజులున్నాను. పదకొండున్నర అయ్యేసరికి వదిన మిక్సీ ఆపేసేది, టీవీ కట్టేసేది. గిన్నెలు చప్పుడు చెయ్యొద్దని పనిమనిషికి సైగ చేసేది. ముందుగదిలో వాళ్ళబ్బాయికి క్లాసు. అప్పటికి ఖార్కివ్‌లో పొద్దున తొమ్మిది.

వాడు ఉక్రెయిన్‌లో మెడిసిన్ మూడో సంవత్సరం. ఇక్కడ నీట్‌లో సీటు రాలేదు. డబ్బు పోసి కొనుక్కునే సీటుతో పోలిస్తే అక్కడ ఆరేళ్ళ చదువు చవక. పొలం మీద అప్పు తెచ్చి పంపారు. ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. ఖార్కివ్ రష్యా సరిహద్దుకి నలభై కిలోమీటర్ల లోపే. వాడు మెట్రో స్టేషన్‌లో నేల మీద పడుకుని రోజులు గడిపాడు. మార్చి 1న కర్ణాటక కుర్రాడొకడు అక్కడే షెల్లింగ్‌లో పోయాడని టీవీలో చెప్పినప్పుడు వదిన అన్నం ముందునుంచి లేచిపోయిందట. ఆ రోజుల్లో 22,500 మంది దాకా భారతీయులు తిరిగొచ్చారు. చాలామంది 'ఆపరేషన్ గంగ' విమానాల్లోనే. వాళ్ళలో వీడొకడు.

ఆ రోజు కాఫీ ఇద్దామని వెళ్ళి, నేనూ ఫోనులోకి తొంగిచూశాను. యాభై ఏళ్ళ టీచరమ్మ. వెనక పుస్తకాల బీరువా, కిటికీలో పూలకుండీ. మందుల గురించి ఇంగ్లీషులో నిదానంగా చెబుతోంది. అంతలో సన్నగా కూత. "ఐదు నిమిషాలు" అని లేచింది. ఇరవై నిమిషాల తర్వాత వచ్చేసరికి వెనక బీరువా లేదు, సున్నమైనా లేని గోడ ఉంది. సెల్లారట. ఎక్కడ ఆపామని అడిగి పాఠం అందుకుంది.

వదిన తలుపు పక్కనే నిలబడి ఉంది. "ఆవిడకీ పిల్లలుంటారు కదే" అంది నాతో.

యూనివర్సిటీల ప్రకటనల్లో అంతర్జాతీయ సంబంధాల గురించి ఎంతో రాస్తారు. జెండాలు, రకరకాల దేశాల పిల్లలు నవ్వుతున్న ఫొటోలు. అన్నీ బాగున్నప్పుడు అది కష్టమేమీ కాదు. ఇళ్ళ మీద బాంబులు పడుతుంటే, ఊరొదిలి వెళ్ళిపోయిన పరాయి దేశపు పిల్లల హాజరు పిలవడం వేరు. ఫీజులు వాళ్ళకీ అవసరమే, కాదనను. కానీ ఆ గోడ ముందు కూర్చున్నావిడని చూశాక నాకు ఫీజు ఒక్కటే గుర్తు రాలేదు.

అలాగని అంతా బాగుందనీ కాదు. "ఫోనులో చూసి రేపు కాన్పు చేస్తాడా?" అని పక్కింటావిడ అడిగింది. వెటకారంగానే అన్నా, సరైన ప్రశ్నే. రోగిని ముట్టుకోకుండా డాక్టరు కాలేడు. వీళ్ళని మన కాలేజీల్లో చేర్చుకోమని తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. చట్టం ఒప్పుకోదని 2022 సెప్టెంబరులో కేంద్రం చెప్పింది. నీట్ ర్యాంకుతో సీటు తెచ్చుకున్న పిల్లల తల్లుల వైపు నుంచి చూస్తే అందులోనూ న్యాయముంది. వదిన ముందు మాత్రం ఆ మాట అనలేకపోయాను.

ఇలాంటి తలుపు దగ్గర మనవాళ్ళు తటపటాయించడం కొత్త కాదు. హిట్లర్ తరిమేసిన పండితుల కోసం 1933లో న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ 'యూనివర్సిటీ ఇన్ ఎగ్జైల్' అని ఏకంగా ఒక విభాగమే తెరిచింది. అలా ఉద్యోగం పోగొట్టుకున్న మాక్స్ బోర్న్‌ని సి.వి. రామన్ 1935లో బెంగుళూరు ఇన్‌స్టిట్యూట్‌కి పిలిపించారు. శాశ్వతంగా ఉంచుకోవాలని ఎంత పట్టుబట్టినా సాగలేదు. ఆయన ఎడింబరో వెళ్ళిపోయాడు. 1954లో నోబెల్ బహుమతి వచ్చింది.

వదిన కొడుక్కి దారి మరోలా దొరికింది. ఉక్రెయిన్ విద్యార్థులు తాత్కాలికంగా వేరే దేశంలో చదవొచ్చు, పట్టా మాత్రం సొంత యూనివర్సిటీయే ఇవ్వాలి అన్న పద్ధతికి మన మెడికల్ కమిషన్ అదే సెప్టెంబరులో సరేనంది. వాడు జార్జియా వెళ్ళాడు. ఆసుపత్రి పని అక్కడ, పేరు ఖార్కివ్ రిజిస్టర్లో. ఆ చలికాలం అక్కడ కరెంటు స్థావరాల మీద దాడులు జరిగి గంటల తరబడి చీకటైనా, వీడి కాగితాలు ఆలస్యంగానైనా వచ్చేవి.

2025లో చదువు పూర్తయింది. విదేశాల్లో చదివొచ్చినవాళ్ళు ఇక్కడ రాయాల్సిన పరీక్షకి తయారవుతున్నాడు. పట్టా ఫ్రేము కట్టించలేదేం వదినా అంటే, "రిజిస్ట్రేషనుకి అడుగుతారు కదే" అని బీరువా తీసి చూపించింది. పట్టుచీరల మధ్య, పాత దుప్పటి ముక్కలో చుట్టి ఉంది.