మత్తులో ఊపిరికి కాపలా

మేడ్చల్ నుంచో, శామీర్‌పేట నుంచో ఎవరైనా కడుపునొప్పితో పట్నం ఆసుపత్రికి వెళితే, డాక్టరుగారు ఒక్కొక్కసారి ఎండోస్కోపీ చేయించుకోమంటారు. చివర దీపమూ, చిన్న కెమెరా ఉన్న సన్నని మెత్తని గొట్టాన్ని నోటి ద్వారా జీర్ణాశయంలోకి పంపి, లోపలి పుండ్లను చూసే పరీక్ష ఇది. గొంతులోకి గొట్టం దిగితే వాంతి వచ్చినట్లవుతుంది కదా! అందుకని గొంతు మొద్దుబారే మందు చల్లుతారు. అవసరమైతే నరానికి మత్తుసూది కూడా ఇస్తారు.

మరి మత్తులో ఉన్నవారికి ప్రమాదం ఎటునుంచి వస్తుంది? ఊపిరి నుంచా, గుండె నుంచా?

ఈ ప్రశ్న మీదనే ఒకప్పుడు మన హైదరాబాదులో పెద్ద పరిశోధన జరిగింది. 1847లో స్కాట్లండు వైద్యుడు సింప్సన్ క్లోరోఫారాన్ని మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. మరుసటి ఏడే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక, కాలిగోరు తీయించుకుంటూ ఆ మత్తులోనే చనిపోయింది. గుండె ఆగడమే ఇలాంటి మరణాలకు కారణమని చాలామంది వాదించారు. హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఒప్పుకోలేదు. ముందు ఆగేది ఊపిరే అన్నాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో 1888లోనూ, 1889లోనూ రెండు క్లోరోఫారం కమిషన్లు జంతువులపై ప్రయోగాలు చేసి లారీ మాటనే బలపరిచాయి. రెండవ దానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు.

కాని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు, క్లోరోఫారం మత్తు పలచగా ఉన్నప్పుడు గుండె కూడా హఠాత్తుగా లయ తప్పగలదని పిల్లులపై ప్రయోగాలతో చూపాడు. అంటే లారీ చెప్పింది సగం నిజం. ఊపిరినీ చూడాలి, గుండెనూ చూడాలి. క్లోరోఫారం పోయింది, ఈ పాఠం మిగిలింది.

నేడు మిడజోలం, ప్రొపొఫాల్ వంటి మందులు వాడుతున్నారు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే "ఊపిరి తీయి" అని మెదడు ఆజ్ఞ ఇస్తుంది. మత్తు ఎక్కువైతే ఆ ఆజ్ఞ మందగిస్తుంది. నాలుక, గొంతు కండరాలు సడలి దారికి అడ్డుపడతాయి. అందుకే మందును కొద్దికొద్దిగా, వయసునూ బరువునూ జబ్బులనూ బట్టి ఇస్తారు. పరీక్ష చేసే డాక్టరు చూపు తెరమీద ఉంటుంది కనుక, రోగిని కనిపెట్టి ఉండడానికే వేరొకరు ఉండాలి.

వేలికి తొడిగే ఆక్సీమీటరు వారికి తోడు. 1974లో జపాను ఇంజనీరు అవోయాగి దీని సూత్రాన్ని చెప్పాడు. ఆక్సిజన్ నిండిన రక్తమూ, లేని రక్తమూ ఎర్రని కాంతినీ, పరారుణ కాంతినీ వేరువేరుగా పీల్చుకుంటాయి. ఆ తేడాను బట్టి అంకె తెలుస్తుంది. అయితే ఊపిరి ఆగిన కొంతసేపటికి గాని అంకె పడిపోదు. కనుక ఛాతీ కదలికనూ చూడాలి. బయటికి వచ్చే బొగ్గుపులుసు వాయువును కొలిచే కాప్నోగ్రాఫ్ ఉంటే ఇంకా ముందే తెలుస్తుంది.

ఇందులో మీ వంతు పనీ ఉంది. కడుపులో ఆహారం ఉంటే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే సాధారణంగా 6 గంటల ముందు నుంచి తిండి, 2 గంటల ముందు నుంచి నీళ్ళు మానమంటారు. పాలు పోసిన చాయ్ నీళ్ళ లెక్కలోకి రాదు, తిండి లెక్కలోకే వస్తుంది! "గుక్కెడు చాయే కదా" అని తాతగారు తాగి ఉంటే, దాచకుండా డాక్టరుకు చెప్పించండి. పరీక్ష మర్నాటికి జరిగినా నష్టం లేదు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆయనను బండి నడపనివ్వకండి.